సయేటియా – ఒక అక్షరదోషం చరిత్ర



ప్రబంధాల గురించీ, వ్యాకరణం గురించీ వ్రాసుకునే ఈ పుటలో ఇవాళ్టి విషయం చూసి మీలో కొందరు నొసలు ముడివేయవచ్చు. న్యూయార్కు నగరంలో నలుగురైదుగురు కుర్రవాళ్ళు గొంతులు చించుకొని పాడిన ఒక పాటల సంపుటి గురించి వ్రాస్తున్నాను. ఆ బృందం పేరు సయేటియా. సంపుటి పేరు 'ఎ రెట్రాస్పెక్టివ్'. లెవెల్ ప్లేన్ అనే చిన్న సంస్థ 2001లో దాన్ని వెలువరించింది. ఈ తరహా సంగీతాన్ని స్క్రీమో అంటారు. ఇంగ్లీషులో కేకకున్న మాట మీద పుట్టిన పేరది.

నేను దీని అభిమానినని ముందే ఒప్పుకుంటున్నాను. అభిమానిని కాకముందు ఏమిటో కూడా చెప్పకపోతే ఈ వ్యాసానికి నిజాయితీ ఉండదు.

2005లో మా అబ్బాయి ఇంజనీరింగు చదువుతూ సెలవులకు ఇంటికి వచ్చాడు. ఇంటర్నెట్ సెంటరులో దించుకొని డిస్కు మీద ఎక్కించుకున్న పాటలేవో గదిలో పెట్టుకొని వింటున్నాడు. నేను వరండాలో పదో తరగతి జవాబుపత్రాలు దిద్దుతున్నాను. లోపలినుంచి ఎవరినో కోస్తున్నట్టు అరుపు. లేచి వెళ్ళి, 'ఇది పాటా? ఒక్క అక్షరం తెలుస్తోందా నీకు?' అని అడిగి, వాడి జవాబు వినకుండానే డిస్కు బయటికి తీసి రెండు ముక్కలు చేశాను. వాడు ఏమీ అనలేదు. నాలుగు రోజులు అసలే ఏమీ అనలేదు. ఉచ్చారణే విద్య అని నమ్మి, శకటరేఫకూ సాధురేఫకూ తేడా చెప్పడంలో యౌవనం గడిపినవాణ్ణి కదా, నేను చేసింది న్యాయమే అనుకున్నాను. పద్నాలుగేళ్ళ తరువాత, 2019లో, న్యూజెర్సీలో వాళ్ళింట్లో ఉన్నప్పుడు పుస్తకాల అరలో అదే సంపుటి కనబడింది. ఈసారి కొన్నది, అట్టతో సహా. వాడు ఉద్యోగానికి వెళ్ళిన వేళ, మంచు కురుస్తుంటే, దొంగతనంగా విన్నట్టు విన్నాను.

ఇక చరిత్రలోకి వస్తాను.

ఈ కేకకు పుట్టినిల్లు అమెరికా రాజధాని వాషింగ్టన్. 1980లో ఇయన్ మెకే, జెఫ్ నెల్సన్ అనే ఇద్దరు యువకులు అక్కడ డిస్కార్డ్ అనే సంస్థ పెట్టి, తమ మిత్రబృందాల రికార్డులు తామే అచ్చువేసుకోవడం మొదలుపెట్టారు. హార్డ్‌కోర్ అని పిలిచే ఆ సంగీతం వేగమూ కోపమూ కలిసినది. నాలుగైదేళ్ళు గడిచేసరికి ఆ సభల్లో పాటకన్నా కొట్లాట ఎక్కువైంది. దానితో విసిగినవారు 1985 వేసవి నాటికి కొత్త బృందాలు కట్టారు. ఆ వేసవికి 'రివల్యూషన్ సమ్మర్' అన్న పేరు నిలిచింది. వాటిలో ముఖ్యమైనది రైట్స్ ఆఫ్ స్ప్రింగ్. పేరు వినగానే స్ట్రావిన్‌స్కీ రచన గుర్తుకు వస్తుంది. 1913లో పారిస్‌లో దాని తొలి ప్రదర్శననాడు ప్రేక్షకులు గోల చేసిన సంగతి జగద్విదితం. ఈ బృందంలో గాయకుడు గీ పిచాటో. లోకం మీద కోపంతో అరిచే పాటను అతడు లోపలికి తిప్పాడు. ప్రభుత్వాన్నీ పోలీసులనూ తిట్టే గొంతు ఇప్పుడు తన వైఫల్యాన్నీ, పోగొట్టుకున్న స్నేహాన్నీ తలచి బొంగురుపోయింది. మన పరిభాషలో చెప్పాలంటే రౌద్రం కాస్తా కరుణకు అంగమైంది. చూసినవారు దానికి 'ఇమో' అని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టించుకున్నవారెవరికీ అది నచ్చలేదు. ఇయన్ మెకే వేదిక మీదనే దాన్ని తెలివితక్కువ మాటగా కొట్టిపారేశాడు.

తరువాతి అంకం పడమటి కోస్తాలో, శాన్ డియేగోలో. హెరాయిన్ అనే బృందంలోని మాట్ ఆండర్సన్ 1991లో గ్రావిటీ రికార్డ్స్ స్థాపించాడు. యాంటియాక్ యారో, స్వింగ్ కిడ్స్ వంటి బృందాలు ఆ ఊరివే. అక్కడి విశ్వవిద్యాలయ ప్రాంగణంలో విద్యార్థులు సహకార పద్ధతిలో నడుపుకునే చే కఫే అనే శాకాహారశాల వీరికి సభామందిరం. ఉత్తరాన గొలీటాలో కెంట్ మెక్లార్డ్ నడిపిన ఎబులిషన్ సంస్థ ఇలాంటి రికార్డులతో పాటు 'హార్ట్‌అటాక్' అనే పత్రికనూ వెలువరించేది. ఏడంగుళాల రికార్డు, చేత్తో మడిచిన కాగితపు అట్ట, లోపల పాటల పాఠం అచ్చైన ఒక పత్రం. ఈ పత్రం ముఖ్యం, దాని దగ్గరికి మళ్ళీ వస్తాను. లాభం ఎవరికీ లేదు. వేదిక లేదు గనుక శ్రోతకూ గాయకుడికీ మధ్య జానెడు ఎత్తు తేడా కూడా లేదు. స్క్రీమో అనే మాట ఈ వాతావరణంలోనే, 1990ల మొదటి భాగంలో, సగం వేళాకోళంగా పుట్టింది.

ఆ మాటకు తెలుగు వెతుకుదామని కూర్చుంటే ఒక పూట గడిచింది. అరుపు చాలదు, అది పశువుకూ ఉంది. కూత పక్షిది, రైలుది. బొబ్బలో బెదిరింపు ఉంది. ఆక్రందన మరీ సంస్కృతమై, ఏడుపు దగ్గరే ఆగిపోతుంది. మిగిలినవి పొలికేక, గావుకేక. పొలి అంటే జాతరలో రక్తం కలిపి ఊరి పొలిమేరల్లో చల్లే బలి అన్నం. అది చల్లుతూ వేసే కేక పొలికేక. గావు అంటే బలి. పోతరాజు గావుపట్టే ఘట్టం బోనాలలో చూసినవారికి గావుకేక ఎటువంటిదో వేరే చెప్పనక్కరలేదు. రెండూ ఒంటరి కేకలు కావు. ఊరంతా చుట్టూ నిలబడి ఉండగా, ఊరి కోసం ఒకడు వేసే కేకలు. నిఘంటువులో వాటికి 'పెద్ద అరుపు' అని అర్థం వ్రాసి ఊరుకుంటారు. అది అన్యాయం.

ఇప్పుడు సయేటియా. ఈ బృందం న్యూయార్కులో 1997లో కూడింది, 1999లో విడిపోయింది. గాయకుడు బిల్లీ వెర్నర్, గిటారు జేమీ బెహర్, డ్రమ్ములు గ్రెగ్ డ్రూడీ. చుట్టూ మరికొందరు వచ్చారు, వెళ్ళారు. 1998లో ఒక పెద్ద రికార్డు, 1999లో 'ఎరొనెల్' అనే చిన్న రికార్డు, అంతకుముందొక నమూనా ముద్రణ. రెండేళ్ళ జీవితంలో ఇంతే ఆస్తి. దాన్నంతా ఏరి కూర్చినదే నేను చెబుతున్న సంపుటి. ఆ రోజుల్లో న్యూయార్కులో ఇటువంటి బృందాలకు ఆశ్రయం రివింగ్టన్ వీధిలోని ఎబిసి నో రియో అనే శిథిలభవనం. శనివారం మధ్యాహ్నాలు అక్కడ సభలు జరిగేవి. జాతివివక్షనూ స్త్రీద్వేషాన్నీ పాడే బృందాలకు ప్రవేశం లేదన్నది అక్కడి నియమం. ఆ భవనాన్ని 2017లో పడగొట్టారు.

ఈ బృందం పేరే నన్ను మొదట పట్టుకుంది. మైల్స్ డేవిస్ అనే మహాజాజ్ విద్వాంసుడు 1960లో 'స్కెచెస్ ఆఫ్ స్పెయిన్' అనే రికార్డు వెలువరించాడు. వాద్యరచన గిల్ ఎవన్స్‌ది. అందులో ఒక ఖండం పేరు 'సయేటా'. ఈ కుర్రవాళ్ళు ఆ పేరు పెట్టుకోబోయి ఒక అక్షరం అదనంగా వ్రాశారు. అది సయేటియా అయింది. దిద్దుకోలేదు, అలాగే ఉంచేశారు.

సయేటా అంటే స్పానిష్‌లో బాణం. లాటిన్ సగిట్టా దాని తల్లి. దక్షిణ స్పెయిన్‌లో, సెవిల్ మొదలైన ఊళ్ళలో, ఈస్టరుకు ముందరి పవిత్రవారంలో క్రీస్తు విగ్రహాన్నీ దుఃఖిస్తున్న మరియమ్మ విగ్రహాన్నీ ఊరేగిస్తారు. డప్పులూ కొమ్ములూ మ్రోగుతుంటాయి. ఉన్నట్టుండి ఒక మేడ వసారాలోనుంచి ఎవరో గొంతెత్తుతారు. ఊరేగింపు ఆగిపోతుంది. పక్కవాద్యమేదీ ఉండదు. ఒక్క గొంతు, వణుకుతూ, పగులుతూ, బాణంలా కిందికి దూసుకొస్తుంది. పాట అయిపోగానే డప్పు మళ్ళీ మొదలై ఊరేగింపు సాగిపోతుంది. మైల్స్ డేవిస్ తన రికార్డులో ఆ గొంతును ట్రంపెట్‌తో పలికించాడు. దూరంనుంచి ఊరేగింపు వాద్యం దగ్గరకు రావడం, ఆగడం, ట్రంపెట్ ఏడవడం, మళ్ళీ వాద్యం దూరమవడం అందులో వరుసగా వినబడతాయి.

ఇది తెలిసిన తరువాత సయేటియా పాట విన్నాను. రెండు గిటార్లు తేలికగా, ఒకదాని సందుల్లో ఒకటి నడుస్తూ, దాదాపు సంభాషణలా మొదలవుతాయి. కుర్రవాడు మామూలు గొంతుతో, పాట కూడా కాదు, మాటలా ఏదో అంటుంటాడు. అంతలో అన్నీ ఒక్కసారిగా విరుచుకుపడతాయి, ఆ గొంతు పైకి లేస్తుంది. మళ్ళీ నిశ్శబ్దం. ఊరేగింపు ఆగడం, సాగడం. వాళ్ళు తెలిసి చేశారో లేదో గాని, పేరు పెట్టుకోవడంలో తప్పారు తప్ప పేరుకు తగ్గ పని చేయడంలో తప్పలేదు.

దోషాల సంగతి ఇంతటితో అయిపోలేదు. సంపుటిలో ఒక ఫ్రెంచి పేరున్న పాట ఉంది, 'నోత్ర్ లాంగ్ ను త్రోంప్'. మన నాలుకలు మనల్ని మోసగిస్తాయి అని భావం. నాకు ఫ్రెంచి రాదు. కళాశాలలో ఆ భాష బోధించిన ఒక మిత్రుడికి అట్ట మీది అక్షరాలు చూపిస్తే పకపక నవ్వాడు. సర్వనామానికి బహువచనం తప్పు, క్రియకు ప్రత్యయం తప్పు. మూడు నాలుగు మాటల్లో రెండు దోషాలు! నాలుక మోసగిస్తుందని చెప్పబోతూ ఉండగానే నాలుక మోసగించింది. నవ్వు ఆగిన తరువాత నాకు త్వష్ట కథ గుర్తుకు వచ్చింది. ఇంద్రుణ్ణి చంపే కొడుకు కావాలని యజ్ఞం చేస్తూ 'ఇంద్రశత్రు' శబ్దంలో స్వరం ఒకచోట పలకవలసింది ఇంకొకచోట పలికాడు. అర్థం తలకిందులై, ఇంద్రుడే ఆ కొడుకును చంపాడు. ఉచ్చారణదోషం ఎంత ప్రమాదమో చెప్పడానికి ఈ కథ ప్రతి ఏడూ తరగతిలో చెప్పేవాణ్ణి. దానికి ఎదురు ఉదాహరణ ఒకటి నా చేతికి వస్తుందని అనుకోలేదు.

'ఎరొనెల్' సంగతీ చెప్పాలి. అది థెలోనియస్ మంక్ వాయించిన ఒక జాజ్ గీతం పేరు. లెనోర్ అనే అమ్మాయి పేరును వెనకనుంచి చదివితే ఎరొనెల్. అనులోమ విలోమాలు మనకు కొత్త కాదు. పారిజాతాపహరణంలో నంది తిమ్మన చేసి చూపించాడు, వేంకటాధ్వరి రాఘవయాదవీయంలో ముందునుంచి రాముణ్ణీ వెనకనుంచి కృష్ణుణ్ణీ చెప్పాడు. గొంతు చించుకొనే కుర్రవాళ్ళలో చిత్రకవిత్వపు సరదా ఉండడం నాకు ముచ్చటేసింది.

ఇక అసలు చిక్కు, మాట వినబడకపోవడం. 2005లో నేను అడిగిన ప్రశ్న అదే. ఇప్పటికీ నాకు పాఠం చేతిలో లేకుండా ఒక్క వాక్యం అర్థం కాదు. ఇందాక చెప్పిన అచ్చుపత్రం అందుకే. శ్రోత దాన్ని ముందు చదువుతాడు, తరువాత వింటాడు. మాట కంటి ద్వారా వస్తుంది, దానికి జరిగిన గాయం చెవి ద్వారా వస్తుంది. ఇదేమి విడ్డూరం అనిపించేది. కాని ఆలోచిస్తే, మనం మాత్రం సామగానం విని ఋక్కు అర్థం చేసుకుంటున్నామా? స్తోభాక్షరాల మధ్య ఋక్కు ఎక్కడుందో వెతకవలసిందే. ఋక్కు ముందే తెలిసినవాడికే సామం.

భరతుడు నాట్యశాస్త్రంలో కాకువు గురించి చెబుతూ వాక్కుకు ఉరస్సు, కంఠం, శిరస్సు అని మూడు స్థానాలు చూపాడు. దూరాన ఉన్నవాణ్ణి పిలవడానికి శిరస్సు, కొంత ఎడంగా ఉన్నవాడికి కంఠం, పక్కనున్నవాడితో మాట్లాడటానికి ఉరస్సు. సయేటియా గాయకుడి విచిత్రం, పక్కనున్నవాడికి చెప్పవలసిన మాటను దూరాన ఉన్నవాడిని పిలిచే గొంతుతో చెప్పడం. పత్రంలో చదివితే అవన్నీ చెవిలో చెప్పుకునే మాటలు: ప్రేమ చెడింది, స్నేహితుడికి ఉత్తరం వ్రాయాలి, నన్ను నేను చూసుకోలేకపోతున్నాను. వాటిని నాలుగు వీధుల అవతలికి వినబడేలా పిలుస్తాడు. ఎదుట ఉన్నవారు అంత దూరమైపోయారన్నమాట. ఇది నాకు అర్థమైన రోజు ఆ పాట నాదైంది.

అరుపుకు గొంతు చెల్లించే వెల నాకు తెలియనిది కాదు. డెబ్భైమంది ఉన్న తరగతిలో, పక్క తరగతికీ మనకీ మధ్య తడిక తప్ప గోడ లేని రోజుల్లో పాఠం చెప్పినవాణ్ణి. సాయంత్రానికి కంఠం రంపపు పొట్టులా ఉండేది. ఇప్పుడు అరవడానికీ శిక్షణ ఉంది. న్యూయార్కులోనే మెలిస్సా క్రాస్ అనే ఆవిడ 2005లో దృశ్యపాఠాలే వెలువరించింది. అసలు స్వరతంత్రులను కాపాడుకుంటూ పైనున్న మడతలతో గరగర పుట్టించే విద్య అది. సయేటియా కుర్రవాడి గొంతులో ఆ శిక్షణ జాడ నాకు వినబడదు. మధ్యలో జీరపోతుంది, ఊపిరి చాలక వాక్యం చివర తెగిపోతుంది. ఆ తెగడమే నాకు ఇష్టం. అది అబద్ధం ఆడలేదు.

'రోకాంతాఁ' అనే పాట ఒకటి ఉంది. సార్త్రె 1938లో వ్రాసిన 'లా నోజే' నవలలో కథానాయకుడి పేరది. అతడు ఒక చరిత్రకారుడు. పద్దెనిమిదో శతాబ్దపు ఒక ప్రభువు జీవితచరిత్ర వ్రాస్తూ, గతాన్ని పట్టుకోవడం తన వల్ల కాదని ఆ పని వదిలేస్తాడు. లోకమంతా వెగటు పుట్టిన ఆ మనిషికి కాస్త ఊరట ఇచ్చేది కాఫీ హోటల్లో గీతలుపడిన ఒక పాత జాజ్ రికార్డు. జాజ్ పేరును తప్పుగా వ్రాసి పెట్టుకున్న బృందం ఆ పాత్ర పేరుతో పాట కట్టడం యాదృచ్ఛికం కాదనే నా ఊహ. గాని ఇది ఊహే. 'ఎండిమియన్', 'ఏరియాడ్నీస్ థ్రెడ్' వంటి గ్రీకుపురాణపు పేర్లూ ఉన్నాయి. ఇక్కడ మాత్రం నేను ఎర్రసిరా కలం తీయక తప్పదు. పుస్తకాలు కొత్తగా చదివిన విద్యార్థి, చదివిందంతా ఎక్కడో ఒకచోట పెట్టకపోతే నిద్రపట్టని వయసు, ఈ పాఠాల్లో కనబడుతుంది. కొన్నిచోట్ల భావం కన్నా పాండిత్యం ముందు నడుస్తుంది. ముద్రణ కూడా పల్చన. డ్రమ్ములు రేకుడబ్బా మీద వాన పడినట్టు వినబడతాయి. ఒకే ఎత్తుగడ, మెల్లగా మొదలై పేలడం, ఎనిమిదో పాటకు వచ్చేసరికి ముందే తెలిసిపోతుంది. మొత్తం ఒకే విడతలో వినమని ఎవరికీ చెప్పను. నాలుగేసి పాటలు చాలు.

2000 తరువాత స్క్రీమో అన్న పేరు చేతులు మారింది. పత్రికలు థర్స్‌డే, ది యూజ్డ్ వంటి పేరుపొందిన బృందాలకు దాన్ని తగిలించాయి. పాతవాళ్ళు ఉక్రోషపడ్డారు. తమ సంగీతాన్ని వేరుచేసి చెప్పడానికి 'స్క్రామ్జ్' అనే వంకర మాట ఒకటి ఎవరో నవ్వులాటకు వాడితే అదీ స్థిరపడిపోయింది. మొదట ఇష్టంలేని పేరు, తరువాత పోగొట్టుకోవడానికి ఇష్టంలేని పేరు! మన దిగంబర కవులు 1965 నుంచి 1968 దాకా మూడు సంపుటాలు తెచ్చారు. నాకు వ్యాకరణం చెప్పిన గురువుగారు వాటిని కేకలనే అనేవారు, కవిత్వమనేవారు కాదు. నేనూ వంతపాడాను. ఆ మాట ఇప్పుడు వెనక్కు తీసుకుంటున్నాను. కేక కాదని కాదు, కేక అన్న మాటను తిట్టుగా వాడినందుకు.

బృందం విడిపోయాక వెర్నర్, డ్రూడీ హాట్ క్రాస్ అనే బృందంలో కలిశారు. బెహర్ ఆఫ్ మైనర్ మొదలుపెట్టాడు. ఆ పేరూ థెలోనియస్ మంక్ గీతానిదే, ఈసారి అక్షరదోషం లేదు. డ్రూడీ అంతకుముందే ఇంటర్‌పోల్ అనే బృందానికి తొలి డ్రమ్మరు. అతడు బయటికి వచ్చిన తరువాత అది ప్రపంచప్రసిద్ధమైంది. లెవెల్ ప్లేన్ సంస్థ అతడిదే. సయేటియా 2022లో మళ్ళీ కలిసి వేదిక ఎక్కింది.

ఆ కబురు మా అబ్బాయే ఫోనులో చెప్పాడు. ఇరవైమూడేళ్ళ తరువాత వాళ్ళ గొంతులు ఎలా ఉంటాయో అని మాట్లాడుకున్నాం. అప్పుడు చెప్పాను, 2019లో వాడి డిస్కు విన్నానని. కొంతసేపు ఏమీ వినబడలేదు. ఫోను తెగిందేమో అనుకున్నాను. తరువాత, 'ఏ పాట బాగుంది నాన్నా?' అన్నాడు. ఫ్రెంచి పేరున్న పాట అని చెప్పి, ఆ పేరులో రెండు తప్పులున్నాయని కూడా చెప్పాను. 'అన్నేళ్ళ నుంచీ వింటున్నాను, నాకెప్పుడూ తెలియలేదు' అని నవ్వాడు. ఆ తరువాతి నెలలో మా ఊరికి వస్తున్న వాళ్ళెవరి చేతనో ఆర్కిడ్ అనే బృందం 1999లో చేసిన 'కేయాస్ ఈజ్ మీ' పంపించాడు. అది సయేటియాకన్నా నాలుగింతలు ఘోరం. ఇప్పటికి మూడుసార్లు విన్నాను, ఇంకా ఏ అభిప్రాయానికీ రాలేదు.